జెబెల్ హఫీత్‌కి ఒక్క రోజులో వెళ్ళి రావడం: తరచుగా అడిగే ప్రశ్నలు

దుబాయ్, షార్జా, అబుధాబిల్లో ఉంటున్న తెలుగువాళ్ళు చలి మొదలవగానే అడిగే మొదటి కొండ ఇదే. అడిగే సందేహాలూ ఏటా అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు, ఏ జవాబుకి ఆ జవాబే పూర్తిగా ఉంటుంది.

నిజానికి ఈ కొండ ఎక్కడం ఏమంత కష్టం కాదు. ఇబ్బంది పడేవాళ్ళు ఎక్కువగా మూడు చోట్ల పడుతున్నారు. వేళ కాని వేళలో పైకి చేరడం, బ్రేకు మీద నుంచి కాలు తీయకుండా దిగడం, తిరుగు బండి మాట్లాడుకోకుండా పైన దిగిపోవడం. ఆ మూడింటి గురించి కాస్త ఎక్కువే రాశాం.

## బయల్దేరే ముందు

జెబెల్ హఫీత్ అసలు ఎక్కడుంది? ఎంత ఎత్తు?

అబుధాబి ఎమిరేట్‌లో, ఒమాన్ సరిహద్దుని ఆనుకుని ఉన్న అల్ ఐన్ ఊరికి దక్షిణాన ఉంది. మనవాళ్ళు మాటల్లో 'అలైన్ కొండ' అంటుంటారు. ఎత్తు 1,249 మీటర్లు. అల్ ఐన్ ఊరే సముద్రమట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తులో ఉంది. యూఏఈలో ఇది రెండో ఎత్తైన కొండ అని చాలా చోట్ల రాస్తుంటారు, అది సరికాదు. ఉత్తరాన రస్ అల్ ఖైమా వైపు హజర్ కొండల్లో దీన్ని మించినవి ఉన్నాయి. అబుధాబి ఎమిరేట్ వరకు మాత్రం ఇదే ఎత్తైనది. చుట్టూ బల్లపరుపు నేల, మధ్యలో ఇదొక్కటే లేచి నిలబడి ఉంటుంది. అందుకే ఉన్న ఎత్తు కంటే పెద్దదిగా కనిపిస్తుంది.

రస్ అల్ ఖైమాలోని జెబెల్ జైస్ కొండకి వెళ్ళాలా, దీనికా? ఒక్క రోజే ఉంది.

చల్లదనం, జిప్‌లైన్ లాంటి ఆటలు కావాలంటే జైస్. పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు వెంట ఉంటే హఫీత్ మేలు. ఇక్కడ కొండ రోడ్డు చిన్నది, ఊరు, ఆసుపత్రులు, హోటళ్ళు కిందనే ఉన్నాయి, ఎండెక్కువైతే ఒయాసిస్ నీడలోకి వెళ్ళిపోవచ్చు.

ఏ నెలల్లో వెళ్తే బాగుంటుంది?

నవంబరు నుంచి మార్చి దాకా. మే నుంచి సెప్టెంబరు దాకా అల్ ఐన్‌లో పగటి వేడి 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పైన కొంత తగ్గినా వడగాలి తగ్గదు. వేసవిలోనే వెళ్ళక తప్పదంటే పొద్దు వాలాక బయల్దేరి, రాత్రి పైన గంటసేపు కూర్చుని దిగిపోండి. రోడ్డు పొడవునా దీపాలుంటాయి. దుమ్ముగాలి వీచిన రోజున పైనుంచి చూస్తే తెల్లటి తెర తప్ప ఏమీ కనిపించదు. వాన వెలిసిన మర్నాడు మాత్రం కొండ మీద చూపు ఎంత దూరమైనా పోతుంది. అలాంటి రోజు సెలవు దొరికితే వదులుకోవద్దు.

సరిగ్గా ఏ వేళకి పైన ఉండాలి?

సూర్యాస్తమయానికి గంట ముందు. డిసెంబరు మొదట్లో ఇక్కడ పొద్దు 5:30కే గుంకుతుంది, మార్చి నెలాఖరుకి 6:30 అవుతుంది. అంటే డిసెంబరులో సాయంత్రం 4:30కల్లా కారు పైన ఆగి ఉండాలి. చాలామంది ఐదున్నరకి కొండ కింద ఉంటారు. మలుపులు తిరుగుతూ కారు అద్దంలోంచే అస్తమయం చూసి, చీకటి పడ్డాక పైకి చేరతారు.

మధ్యాహ్నం పన్నెండుకి, ఒంటిగంటకి పైకి వెళ్ళడం దండగ. నెత్తి మీద ఎండలో రాళ్ళన్నీ ఒకే రంగులో ఉంటాయి, నీడ పట్టు దొరకదు. సాయంత్రపు ఏటవాలు వెలుగులో అవే రాతి పొరలు ఒక్కొక్కటిగా విడివిడిగా కనిపిస్తాయి. జనం వద్దనుకునే వాళ్ళకి తెల్లవారుజాము ఇంకా మంచిది. జనవరిలో పొద్దు పొడిచేది దాదాపు ఏడింటికి. దుబాయ్ నుంచి నాలుగున్నరకి బయల్దేరితే సరిపోతుంది, కాకపోతే పొగమంచు సంగతి చూసుకుని బయల్దేరండి.

దుబాయ్ నుంచి ఎంత దూరం? పెట్రోలు ఎంత పడుతుంది?

దుబాయ్ నుంచి అల్ ఐన్ ఇ66 రోడ్డు మీద దాదాపు 140 కిలోమీటర్లు, గంటన్నర ప్రయాణం. అబుధాబి నుంచి ఇ22 మీద దాదాపు 160. కొండ రోడ్డు ఇంకో 12. రానూపోనూ, ఊళ్ళో తిరుగుడూ కలిపి 370 కిలోమీటర్లు వేసుకోండి. చిన్న కారు అయితే 28 నుంచి 30 లీటర్లు. ధర నెలనెలా మారుతుంది కాబట్టి ఆ నెల రేటుతో గుణించుకోండి. కొండ ఎక్కే ముందు అల్ ఐన్‌లోనే ట్యాంకు నింపుకోవాలి.

కారు లేదు. క్యాంపులో ఉంటాం, ఆదివారం ఒక్కటే సెలవు. బస్సులో వెళ్ళి రావచ్చా?

రావచ్చు. బర్ దుబాయ్‌లోని అల్ గుబైబా బస్ స్టేషన్ నుంచి అల్ ఐన్‌కి ఇ201 బస్సు ఉంది. నోల్ కార్డు, అంటే దుబాయ్ బస్సు చార్జీలు కట్టే కార్డు, కావాలి. టికెట్టు మనిషికి 25 దిర్హామ్‌ల దగ్గర. రానూపోనూ డబ్బు ముందే కార్డులో వేసుకుంటే సాయంత్రం తొందరలో మెషీన్ దగ్గర నిలబడే పని ఉండదు. బస్సుకి దాదాపు రెండు గంటలు పడుతుంది. సెలవు రోజుల్లో వరస పెద్దదిగా ఉంటుంది, కాబట్టి పొద్దున్న ఏడింటికల్లా స్టేషన్‌లో ఉండండి.

ఇబ్బంది అల్ ఐన్‌లో దిగాక మొదలవుతుంది. ఊళ్ళో బస్సులున్నాయి గానీ కొండ పైకి టాక్సీయే దిక్కు. నలుగురు కలిస్తే ఒక టాక్సీ సరిపోతుంది. ఎక్కేటప్పుడే డ్రైవర్‌తో మాట్లాడుకోవలసిన మాట ఒకటుంది: "పైన గంటసేపు ఆగాలి, మళ్ళీ కిందికి దింపాలి, ఆగినంతసేపూ మీటరు నడవనివ్వండి." పైన ఖాళీ టాక్సీలు తిరగవు. ఒకవైపు డబ్బు మిగులుతుందని టాక్సీని పంపేస్తే, చీకట్లో 12 కిలోమీటర్ల కొండ రోడ్డు మీద కాలినడకన దిగవలసి వస్తుంది. అది ప్రమాదం. ఆగినందుకు అయ్యే డబ్బు నలుగురూ పంచుకుంటే పెద్ద మొత్తం కాదు.

తిరుగు బస్సు ఆఖరిది ఎన్నింటికో పొద్దున్న దిగగానే అల్ ఐన్ స్టేషన్‌లో అడిగి రాసుకోండి. బతాకా, అంటే ఎమిరేట్స్ ఐడీ, జేబులోనే ఉండాలి. సరిహద్దు ఊరు కాబట్టి చూపించమని అడిగే అవకాశం ఎక్కువ.

ఇండియా లైసెన్సుతో కారు నడపవచ్చా?

రెసిడెన్స్ వీసా ఉన్నవాళ్ళు నడపకూడదు, యూఏఈ లైసెన్సు ఉండాల్సిందే. విజిట్ వీసా మీద వచ్చినవాళ్ళు ఇండియాలో తీసుకున్న ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌తో పాటు అసలు లైసెన్సు చూపించి అద్దె కారు తీసుకోవచ్చు. అమ్మానాన్నల్ని చూడటానికి వచ్చిన తమ్ముడి చేతికి 'కొంచెం దూరమే కదా' అని మీ కారు ఇవ్వకండి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు చెల్లదు.

బయల్దేరే ముందు కారులో ఏం చూసుకోవాలి?

టైర్లలో గాలి, పొద్దున్న బండి కదలకముందే. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు లోపలి స్టిక్కరు మీద రాసి ఉంటుంది. వేడెక్కిన టైరులో కొలిస్తే లెక్క ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే, చల్లారాక టైరు మెత్తబడి, హైవే మీద పక్కలు వేడెక్కి పేలుతుంది. టైరు తయారైన వారం, సంవత్సరం నాలుగంకెలుగా దాని పక్కనే ఉంటుంది. '2319' అంటే 2019లో 23వ వారం. ఐదేళ్ళు దాటితే ఈ ఎండల దేశంలో నమ్మకూడదు.

కూలెంటు డబ్బాలో మట్టం గీతల మధ్య ఉందో లేదో చూడండి. బ్రేకు ఆయిల్ మార్చి రెండేళ్ళు దాటితే కొండకి వెళ్ళే ముందే మార్పించండి. ముల్కియా (బండి రిజిస్ట్రేషన్ కార్డు), స్పేర్ టైరు, జాకీ ఉన్నాయా అని అద్దె కారైతే మరీ చూసుకోవాలి.

## దారిలో

దుబాయ్‌లోలాగే స్పీడ్ లిమిట్ మీద ఇంకో 20 వెళ్ళవచ్చా?

వెళ్ళకూడదు. చలాన్లు ఎక్కువగా పడేది ఇక్కడే. దుబాయ్‌లో బోర్డు మీద ఉన్న అంకెకి 20 దాటాకే కెమెరా పడుతుంది. అబుధాబి ఎమిరేట్‌లో ఆ వెసులుబాటుని 2018 ఆగస్టులో తీసేశారు. బోర్డు మీద ఎంత ఉంటే అంతే. ఇ66 మీద ఎమిరేట్ మారిన సంగతి తెలియకుండానే దాటేస్తాం. అందుకే అల్ ఐన్ వైపు బోర్డులు రాగానే క్రూయిజ్ కంట్రోల్‌ని కొత్త అంకెకి సర్దుకోండి.

పొద్దున్నే వెళ్తే పొగమంచు ఉంటుందట, నిజమేనా?

డిసెంబరు, జనవరి, ఫిబ్రవరిలో తెల్లవారుజామున ఎడారి రోడ్ల మీద దట్టంగా కమ్ముతుంది. అలాంటప్పుడు అబుధాబి ఎమిరేట్ రోడ్ల మీద ఎలక్ట్రానిక్ బోర్డులు లిమిట్‌ని 80కి తగ్గించి చూపిస్తాయి, కెమెరాలూ దానికే పనిచేస్తాయి. ఫాగ్ లైట్లు వేయండి, ఫుల్ బీమ్ వేయకండి. మంచు మీద వెలుగు పడి తిరిగి మీ కళ్ళలోకే కొడుతుంది. కారు నడుస్తుండగా నాలుగు ఇండికేటర్లూ వేయడం తప్పు. మీరు ఆగి ఉన్నారో కదులుతున్నారో వెనకవాడికి తెలియదు. ముందు ఏమీ కనిపించకపోతే బంకులోకి తిప్పి అరగంట ఆగండి. ఎండ పొడవగానే విడిపోతుంది.

మంచు లేని రోజున ఇంకొక చిక్కు. దుబాయ్ నుంచి వెళ్ళేది ఆగ్నేయానికి, అబుధాబి నుంచి తూర్పుకి. పొద్దున్న ఎనిమిది దాకా సూర్యుడు అద్దంలోంచి ముఖానికే కొడతాడు. చలవ కళ్ళద్దాలు పెట్టుకోండి, ముందు అద్దం లోపలి వైపు కూడా తుడవండి.

టోల్ ఎంత పడుతుంది?

అబుధాబి టోల్ అయిన దర్బ్ గేట్లు అబుధాబి దీవిలోకి వెళ్ళే వంతెనల మీద ఉన్నాయి, దుబాయ్ నుంచి అల్ ఐన్‌కి వెళ్తే అవి తగలవు. దుబాయ్ టోల్ అయిన సాలిక్ మాత్రం అక్కడ మీరు ఏ రోడ్డున బయటపడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. 2025 జనవరి చివరి నుంచి రద్దీ వేళల్లో గేటుకి 6 దిర్హామ్‌లు, మిగతా వేళల్లో 4, రాత్రి ఒంటిగంట నుంచి ఆరు దాకా ఉచితం.

చంటిపిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చా?

కూడదు. నాలుగేళ్ళలోపు పిల్లలకి చైల్డ్ సీటు తప్పనిసరి, లేకపోతే 400 దిర్హామ్‌ల జరిమానా. పదేళ్ళలోపు పిల్లల్ని ముందు సీట్లో కూర్చోబెట్టకూడదు. జరిమానా అటుంచి, మలుపుల్లో గట్టిగా బ్రేకు వేస్తే ఎంత బలమున్న చేతులైనా బిడ్డని ఆపలేవు.

## కొండ రోడ్డు మీద

తిరుమల ఘాట్ రోడ్డులాగా ఉంటుందా?

మలుపుల లెక్కలో పోలిక ఉంది గానీ రోడ్డు వేరు. తిరుమలలో ఎక్కడానికొక రోడ్డు, దిగడానికొకటి. ఇక్కడ రెండూ ఒకే రోడ్డు మీద, మూడు లేన్లుగా. రెండు ఎక్కడానికి, ఒకటి దిగడానికి. పొడవు 11.7 కిలోమీటర్లు, 60 మలుపులు. తారు నున్నగా ఉంటుంది, అంచున అడ్డుగోడలుంటాయి. చెట్లుండవు కాబట్టి మలుపు అవతల వచ్చే బండి ముందే కనిపిస్తుంది. తిరుమల ఎక్కి దిగిన అలవాటు ఉన్నవాళ్ళకి ఇది సులువే. ఒక్కటి గుర్తుంచుకోవాలి, ఇక్కడ నడిచేది కుడి వైపున.

ఈ మధ్యే లైసెన్సు వచ్చింది. నేను నడపగలనా?

పగలైతే నడపగలరు. ఎక్కేటప్పుడు కుడివైపు లేన్‌లోనే ఉండండి, వెనక నుంచి తోసుకొచ్చే బండ్లకి రెండో లేన్ ఉంది. మలుపులోకి దిగాక కాదు, దానికి ముందే వేగం తగ్గించాలి. మొదటిసారి చీకట్లో దిగవలసి వచ్చేలా పెట్టుకోకండి.

ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడెక్కుతోంది, ఏం చేయాలి?

మొదట ఏసీ ఆపండి. ముల్లు ఇంకా పైకి పోతుంటే హీటరుని ఫుల్‌లో పెట్టి కిటికీలు దించండి. ఇంజిన్ వేడిలో కొంత అలా లోపలికి వచ్చేస్తుంది. తర్వాతి వ్యూ పాయింటులో ఆపి బానెట్ ఎత్తండి. రేడియేటర్ మూత మాత్రం కనీసం అరగంట ముట్టుకోవద్దు, లోపలి నీరు ఆవిరై ముఖాన కొడుతుంది. పాత కారు, ఐదుగురు మనుషులు, వేసవి మధ్యాహ్నం. ఈ మూడూ కలిసినప్పుడే ఎక్కువగా ఇలా అవుతుంది.

దిగేటప్పుడు కాలిన వాసన వచ్చింది. కారు చెడిపోయిందా?

అది బ్రేకు ప్యాడ్ల వాసన. చెడిపోలేదు, చెడిపోబోతోందని చెబుతోంది. ఆటోమేటిక్ కారుని 'డి'లోనే ఉంచి, కింది దాకా బ్రేకు మీద సన్నగా కాలు ఆనించి దిగడం వల్ల వస్తుంది. ప్యాడు డిస్కుని వదలకుండా రాసుకుంటుంటే వేడి పోవడానికి సందుండదు. ఒక స్థాయి దాటాక ప్యాడు పట్టు తగ్గుతుంది. ఇంకా దాటితే బ్రేకు ఆయిల్‌లో కలిసిన తేమ మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు పెడల్ స్పాంజిలా మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు.

సరైన పద్ధతి ఇది. పైన కారు ఆగి ఉండగానే గేరు తగ్గించుకోండి. లీవరు మీద 'ఎల్', '2', 'ఎస్' లేదా ప్లస్ మైనస్ గుర్తులుంటాయి. ప్లస్ మైనస్ ఉంటే రెండో గేరులో పెట్టండి, టొయోటా హైబ్రిడ్ అయితే 'బి'. ఇంజిన్ గట్టిగా మోత పెడుతుంది. కంగారు పడొద్దు, బండిని పట్టి ఉంచుతున్నది ఆ మోతే. వేగం పెరుగుతోందనిపిస్తే బ్రేకుని ఒకసారి గట్టిగా నొక్కి, ఉదాహరణకి 50 నుంచి 35కి దింపి, కాలు పూర్తిగా తీసేయండి. మళ్ళీ పెరిగితే మళ్ళీ. నొక్కినప్పుడు నొక్కాలి, వదిలినప్పుడు వదలాలి.

పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగేవాళ్ళున్నారు. దాని వల్ల పెట్రోలు కూడా కలిసిరాదు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇప్పటి ఇంజిన్లు పెట్రోలుని తామే కట్టేస్తాయి, న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ ఆగకుండా ఉండటానికి తాగుతూనే ఉంటాయి.

వాసన వచ్చేసిందా, చదునైన వ్యూ పాయింటులో ఆపి 'పి'లో పెట్టి 20 నుంచి 30 నిమిషాలు వదిలేయండి. చక్రాల మీద నీళ్ళు చల్లకండి, ఎర్రగా కాగిన డిస్కు వంకర తిరుగుతుంది. పెడల్ మెత్తబడితే మాత్రం, చల్లారాక బాగైనట్టు అనిపించినా, నడపకండి. రికవరీ బండిని పిలవండి.

మలుపులకి వాంతులవుతాయి, చెవులు మూసుకుపోతాయి. ఏం చేయాలి?

వాంతుల భయం ఉన్నవాళ్ళని ముందు సీట్లో కూర్చోబెట్టి దూరంగా రోడ్డునే చూడమనండి, ఫోను చూడనివ్వకండి. కొండకి రెండు గంటల ముందు ఇడ్లీ లాంటి తేలికైన తిండి చాలు. మాత్ర వాడదలిస్తే ఇక్కడి ఫార్మసీలో అడిగి, ఎక్కడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి. చెవులకి చూయింగ్ గమ్ నమలడం, గుటక వేయడం చాలు. చంటిపిల్లకైతే దిగడం మొదలయ్యే ముందు ఆగి పాలు పట్టండి.

అమ్మకి బీపీ ఉంది, మోకాళ్ళ నొప్పులు. ఆ ఎత్తు పడుతుందా?

ఎత్తు జబ్బు వచ్చేది సాధారణంగా 2,500 మీటర్లు దాటాక, ఇది అందులో సగమే. కారు పై దాకా వెళ్తుంది, నడక చాలా తక్కువ. చలిగాలికి చెవులు కప్పుకోవడానికి శాలువా ఒకటి, వేళకి వేసుకోవలసిన మాత్రలు దగ్గర ఉంచుకుంటే సరిపోతుంది.

సైకిళ్ళు అడ్డం వస్తుంటాయి, రోడ్డు మూసేస్తారా?

శని, ఆదివారాల్లో తెల్లవారుజామున సైకిల్ తొక్కేవాళ్ళు ఎక్కువ. దాటేటప్పుడు మీటరున్నర ఎడం ఇవ్వండి. ఫిబ్రవరిలో యూఏఈ టూర్ సైకిల్ పందెం ఈ కొండ మీదికి వస్తుంది. ఆ రోజు రోడ్డు మూస్తారు, కాబట్టి ఫిబ్రవరిలో వెళ్ళేవాళ్ళు తేదీ చూసుకోండి.

వాన పడుతుంటే కొండల్లో అందంగా ఉంటుందట కదా?

అందంగానే ఉంటుంది, కానీ వెళ్ళకూడదు. చెట్టూ మట్టీ లేని రాతి కొండ మీద పడ్డ నీరు ఇంకదు. పడ్డది పడ్డట్టు వాగుల్లోకి దూకుతుంది. మీ నెత్తి మీద చినుకు లేకపోయినా, పైన పడ్డ వాన నిమిషాల్లో కింది వాగుకి చేరుతుంది. 2023 నుంచి చట్టం కూడా గట్టిగా ఉంది. వానలప్పుడు వాగుల దగ్గర గుమికూడితే 1,000 దిర్హామ్‌లు, లైసెన్సు మీద ఆరు బ్లాక్ పాయింట్లు (తప్పుల లెక్క). పారుతున్న వాగులోకి బండి దింపితే 2,000 దిర్హామ్‌లు, 23 పాయింట్లు, 60 రోజులు బండి స్వాధీనం.

## పైన

పైకి వెళ్తే చూడటానికి ఏముంటుంది?

విశాలమైన పార్కింగు, కూర్చోవడానికి చోట్లు, చాయ్, చిరుతిళ్ళ కొట్టు. ఒక పక్క అల్ ఐన్ ఊరు, తోటలు, ఇంకో పక్క ఒమాన్, మిగతాదంతా ఎడారి. ఆటస్థలాల్లాంటివి ఆశించి వెళ్తే నిరాశే. చూడవలసింది వెలుగు మారడమే. పొద్దు గుంకాక పది నిమిషాలకి కింద ఊళ్ళో దీపాలు వరసగా వెలుగుతాయి. చాలామంది సూర్యుడు మునగగానే కారెక్కి, అది చూడకుండానే వచ్చేస్తారు.

పైన చలిగా ఉంటుందా?

ఊరికంటే దాదాపు ఐదు డిగ్రీలు తక్కువ. దానికి గాలి తోడు. డిసెంబరు, జనవరి సాయంత్రాల్లో స్వెట్టరు కావాలి.

ఫోటోలు, డ్రోన్?

కొండ ఫోటోలు ఎన్నయినా తీసుకోండి. పైన ఉన్న ప్యాలెస్‌ని, సరిహద్దు చెక్‌పోస్టుల్ని, పక్కన కూర్చున్న కుటుంబాల్ని తీయకండి. అనుమతి కాగితం లేకుండా డ్రోన్ ఎగరేయడం నేరం.

రాళ్ళలో గవ్వలు, నాణేల్లాంటివి కనిపిస్తాయి. అవేంటి? తెచ్చుకోవచ్చా?

అవి శిలాజాలు. ఈ కొండ సున్నపురాయి, అంటే ఒకప్పటి సముద్రపు అడుగు. కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ లోతు తక్కువ వెచ్చటి సముద్రం ఉండేది. అందులో బతికిన జీవుల పెంకులు పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడ్డాయి. తర్వాత భూమి పక్కల నుంచి ఒత్తుకుంటే, తివాచీని రెండు చేతులతో నెట్టినప్పుడు మధ్యలో లేచినట్టు ఆ పొరలు లేచాయి. చిల్లర నాణేల్లా గుండ్రంగా కనిపించేవి నమ్మ్యులైట్లు, ఒక్కొక్కటీ ఒకే ఒక్క కణంతో బతికిన జీవి. పగడాలు కూడా దొరుకుతాయి. రోడ్డు కోసం కోసిన రాతి గోడ మీద సాయంత్రపు ఎండ పక్కనుంచి పడుతున్నప్పుడు వేలితో తడిమితే గరుకుగా తగులుతాయి.

తడిమి చూడండి, పెకలించి తేవద్దు. ఇది రక్షిత ప్రాంతం. పిల్లలకి ఇక్కడే చూపించి చెబితే, ఇంటికి తెచ్చి షోకేసులో పెట్టినదానికంటే బాగా గుర్తుంటుంది.

జంతువులుంటాయా? భయపడాలా?

మనుషులకి దూరంగా ఉండేవే ఉన్నాయి. 2019లో ఇక్కడ పెట్టిన కెమెరాకి అరేబియా కారకల్, అంటే చెవుల మీద నల్లటి కుచ్చులుండే అడవి పిల్లి, 35 ఏళ్ళ తర్వాత మొదటిసారి చిక్కింది. రాళ్ళ సందుల్లో చేతులు పెట్టకండి, పాములు, తేళ్ళు ఉంటాయి.

ఫోన్‌కి 'ఒమాన్‌కి స్వాగతం' అని మెసేజ్ వచ్చింది. సరిహద్దు దాటామా?

లేదు. ఒమాన్ టవర్లు దగ్గరవడంతో ఫోను వాటిని పట్టుకుంటుంది. అల్ ఐన్ చేరకముందే డేటా రోమింగ్ ఆపేసి, నెట్‌వర్క్‌ని ఆటోమేటిక్ నుంచి తీసి మీ కంపెనీ పేరు ఎంచుకోండి. మ్యాపు కూడా ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. దారి చూపించేటప్పుడు అది మెజ్యాద్ సరిహద్దు వైపు తిప్పితే, చెక్‌పోస్టు వరసలోకి పోకముందే ఆపి సరిచూసుకోండి.

## కొండ కింద

వేడినీటి బుగ్గల్లో స్నానం చేయవచ్చా?

కొండ పాదాన ఉన్న గ్రీన్ ముబజ్జరాలో చేయవచ్చు. పచ్చిక మధ్య కాలవల్లో వేడినీళ్ళు పారుతుంటాయి. చాలామంది గట్టున కూర్చుని కాళ్ళు పెట్టుకుంటారు. స్నానానికి ఆడవాళ్ళకి, మగవాళ్ళకి వేరువేరు చోట్లున్నాయి. బుగ్గకి దగ్గర్లో నీళ్ళు బాగా కాగి ఉంటాయి, దూరం పోయేకొద్దీ చల్లబడతాయి. పిల్లల కాళ్ళు దించే ముందు మీ చేయి పెట్టి చూడండి. పది నిమిషాలకోసారి బయటికి వచ్చి మంచినీళ్ళు తాగాలి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు చటుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. పచ్చిక మీద నేరుగా నిప్పు పెట్టకూడదు.

ఐదువేల ఏళ్ళ నాటి సమాధులున్నాయట, నిజమా?

నిజమే. కొండ తూర్పు పాదాన, జెబెల్ హఫీత్ డెజర్ట్ పార్కులో ఉన్నాయి. తేనెపట్టులా గుండ్రంగా, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినవి. క్రీస్తుకి దాదాపు 3,000 ఏళ్ళ ముందు కాలానివి. 1959లో డెన్మార్క్ పరిశోధకులు తవ్వడం మొదలుపెట్టారు. లోపల మెసపొటేమియా తరహా మట్టికుండలు దొరికాయి. అంటే అంత దూరంతో అప్పుడే వర్తకం ఉండేదన్నమాట. ఈ సమాధుల్ని, అల్ ఐన్ ఒయాసిస్సుల్ని కలిపి 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. యూఏఈకి అదే మొదటిది.

పార్కుకి టికెట్టు ఉంది. కొండ రోడ్డు మొదలయ్యే చోటు నుంచి చుట్టూ తిరిగి అవతలి వైపుకి వెళ్ళాలి, అరగంట పెట్టుకోండి. సమాధుల మీదికి ఎక్కకండి, పేర్చిన రాయి ఒకటి జారితే దాని మీదవన్నీ కదులుతాయి. పొద్దున్న తొమ్మిదిలోపు చూడటం మేలు, నీడ లేదు.

అల్ ఐన్ ఒయాసిస్ చూడదగ్గదేనా?

తప్పకుండా. లక్షన్నర దాకా ఖర్జూర చెట్లు, వాటి మధ్య నడిచే దారులు. నీళ్ళు 'ఫలజ్' కాలవల్లో వస్తాయి. ఎక్కడో భూగర్భంలో దొరికిన నీటిని వాలు పట్టి, మోటారు లేకుండా, మడి మడికీ వంతులవారీగా పారించే పద్ధతి ఇది. చెరువు కింద నీరటికాడు తూము తీసి వంతుల ప్రకారం పొలాలకి నీళ్ళు వదలడం చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. గంటన్నర చాలు, మధ్యాహ్నపు ఎండకి ఇంతకంటే మంచి నీడ దొరకదు.

తిండి ఏం పట్టుకెళ్ళాలి? పెరుగన్నం పులిసిపోతోంది.

నలుగురికి అరకిలో బియ్యం పులిహోర, పావుకిలో బియ్యం పెరుగన్నం సరిపోతాయి. పెరుగన్నం పులవకుండా ఉండాలంటే పెరుగు కాదు, పాలు పోయాలి. పావుకిలో బియ్యాన్ని మెత్తగా వండి, వేడిగా ఉన్నప్పుడే మెదిపి, అరలీటరు కాచిన పాలు పోయండి. గోరువెచ్చగా అయ్యాక రెండు చెంచాల పెరుగు కలిపి, ఉప్పు, అల్లం, కరివేపాకు తాలింపు వేసి స్టీలు డబ్బాలో మూత పెట్టండి. పొద్దున్న ఆరింటికి కలిపితే ఒంటిగంటకి కమ్మగా తోడుకుని ఉంటుంది. కొబ్బరి చట్నీ తేవద్దు, దారిలోనే పాడవుతుంది. ఊరమిరపకాయలు, మాగాయ అయితే బెంగ లేదు.

నీళ్ళు చలికాలంలో మనిషికి రెండు లీటర్లు, కారు కోసం వేరే ఐదు లీటర్ల డబ్బా. భోజనం కొండ మీద కాకుండా కింద పచ్చికలో పెట్టుకోండి. పైన గాలికి కాగితం ప్లేట్లు లోయలోకి ఎగిరిపోతాయి, వాటిని ఏరేవాళ్ళు ఉండరు.

రంజాన్ నెలలో వెళ్ళవచ్చా?

వెళ్ళవచ్చు. పగలు నలుగురి ఎదుటా తినకుండా, తాగకుండా చూసుకోండి. ఇఫ్తార్‌కి ముందు అరగంట రోడ్ల మీద అందరూ తొందరలో ఉంటారు, ఆ వేళకి మీరు ఎక్కడో ఒకచోట ఆగి ఉండటం మంచిది.

ఇవన్నీ ఒక్క రోజులో ఎలా సర్దాలి?

చలికాలంలో దుబాయ్ నుంచి ఉదయం 6:30కి బయల్దేరండి. 8:15కి సమాధులు, 10:30కి ఒయాసిస్, ఓపికుంటే పక్కనే 1890ల నాటి అల్ జాహిలీ కోట. ఒంటిగంటకి ముబజ్జరాలో భోజనం, బుగ్గలు. 3:45కి కొండెక్కడం మొదలుపెట్టి, దారిలో ఒకటి రెండు వ్యూ పాయింట్లలో ఆగి 4:30కి పైన ఉండండి. జూ కూడా కలుపుదామనుకుంటే ఏదీ సరిగా చూడలేరు, జూకి ఇంకో రోజు పెట్టుకోండి.

## తిరుగు ప్రయాణం

సూర్యాస్తమయం అవగానే పైన ట్రాఫిక్ జామ్ అవుతుందా?

సెలవు రోజుల్లో అవుతుంది. దిగడానికి ఉన్నది ఒకే లేన్, అందరూ ఒకేసారి కదులుతారు. ముందు బండి వెనక బ్రేకులు తొక్కుతూ దిగడం వల్ల వాటి వేడీ పెరుగుతుంది. ఫ్లాస్కులో టీ పెట్టుకుని ఇంకో 45 నిమిషాలు పైనే కూర్చోండి. అప్పటికి రోడ్డు ఖాళీ అవుతుంది.

రాత్రి తిరిగి వచ్చేటప్పుడు నిద్ర ముంచుకొస్తోంది.

రోజంతా ఎండ, వేడినీళ్ళ స్నానం, కడుపు నిండా అన్నం, తర్వాత తిన్నని రోడ్డు. నిద్ర రావడం సహజం. కిటికీ దించడం, పాటలు పెంచడం పనిచేయవు. అల్ ఐన్ దాటకముందే కాఫీ తాగి, బంకులో కారు ఆపి 20 నిమిషాలు కళ్ళు మూసుకోండి. కాఫీ పని మొదలుపెట్టేది సుమారు అంతసేపటికే. లైసెన్సు ఉన్నవాళ్ళు ఇద్దరుంటే పైకి ఒకరు, ఇంటికి ఇంకొకరు నడపండి.

దారిలో ప్రమాదం జరిగినా, బండి ఆగిపోయినా ఏం చేయాలి?

పోలీసుకి 999, అంబులెన్సుకి 998, అగ్నిమాపకానికి 997. చిన్న గీత పడినా పోలీసు రిపోర్టు కావాలి, అది లేకుండా గ్యారేజీవాళ్ళు బండి ముట్టుకోరు. హైవే మీద బండి ఆగితే అందరూ దిగి అడ్డుకంచె అవతలికి వెళ్ళి నిలబడండి, కారులో కూర్చోవద్దు. ఎక్కడున్నారో చెప్పడానికి ఫోన్ మ్యాపులో మీరున్న చోటు మీద వేలు నొక్కి పట్టి, కనిపించే అంకెల్ని చదివి వినిపించండి.